విచారణ నాడు తెగే తీగ

ఆ వేసవిలో మా ఇంట్లోనే ఎవరో నాకు ద్రోహం చేస్తున్నారని నేను నమ్మాను. నమ్మడానికి నా దగ్గర కారణాలు ఉన్నాయి. కారణం లేకుండా ఎవరినీ అనుమానించే అలవాటు నాకు లేదు. ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైనదాన్ని, అబద్ధం ఎలా నడిచి వస్తుందో గుమ్మంలోనే గుర్తుపట్టగలను.

తగాదా ఒక గోడ గురించి. జహీరాబాదు ఊరి చివర, హైవేకు కాస్త లోపలగా, మా సంఘానికి సమాధుల తోట ఉంది. దానికి ఆనుకొని ప్రేమ్‌సాగర్ ఫంక్షన్ హాలు కట్టాడు. ప్రేమ్‌సాగర్ పరాయివాడు కాడు. మా సంఘ పెద్ద. ఆదివారం ఆరాధనలో ముందు వరుసలో కూర్చుంటాడు, కానుకల పళ్ళెం పట్టుకొని వరుసల మధ్య నడుస్తాడు. క్రిస్మస్ దాటిన తరువాత అతను హాలు ప్రహరీ పడగొట్టించి, తోట లోపలికి జరిపి కొత్తది కట్టించాడు. పెళ్ళిళ్ళకు వచ్చే కార్లకు చోటు చాలడం లేదట. ఆ జరిపిన భాగంలో మా అమ్మ సమాధి ఉంది. నేను వెళ్ళి చూసేసరికి ఎర్రమట్టిని చదును చేసి కంకర పరిచారు. అమ్మ తల దగ్గర మా నాన్న నిలబెట్టించిన నల్లరాతి శిలువ, మిగిలిపోయిన ఇటుకల కుప్ప మీద అడ్డంగా పడి ఉంది.

పాస్టరుగారిని కలిశాను. ప్రార్థన చేద్దామన్నారు. చేశాను. తరువాత ఇంటికి వచ్చి, మైనారిటీల హక్కులు చూసే హైదరాబాదులోని ఒక కమిషన్‌కు ఫిర్యాదు పంపాను.

కమిషన్ విచారణకు తీసుకునే వేళకు నా మోకాలి చిప్ప విరిగింది. స్నానాల గదిలో జారిపడ్డాను. ప్రయాణం కుదరదని డాక్టరు రాసిచ్చినందువల్ల, ఇంటి నుంచే వీడియోలో హాజరు కావడానికి వారు అనుమతించారు. అమ్మను పాతిపెట్టిన కాలంలో సమాధుల వరుసలు ఎలా ఉండేవో చెప్పగలిగిన మనిషి సంఘంలో ఇంకెవరూ మిగల్లేదు. నేను చెప్పకపోతే ఫిర్యాదు మూసేస్తారు, అమ్మ మీద కార్లు నిలుస్తాయి. సంగతి అంత సూటిగా ఉంది.

ఇంట్లో నాతో పాటు ఇద్దరు ఉండేవారు. చనిపోయిన మా తమ్ముడి కొడుకు దేవరాజ్, అతని భార్య వర్షిత. దేవరాజ్ పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే పని చేస్తాడు. స్తంభాలకు, చెట్లకు, స్టేజీకి రంగు బల్బుల తోరణాలు కట్టి వెలిగించడం. ఆ పనిలో ఎక్కువ భాగం ప్రేమ్‌సాగర్ హాలులోనే దొరికేది. ఇది గుర్తుంచుకోవలసిన విషయమని నేను మొదటి రోజే అనుకున్నాను.

నా కంప్యూటరు పాతది. రిటైరయ్యే ముందు కొన్నది. దానికి గాలిలోంచి నెట్టు అందుకునే శక్తి లేదు. వీధి స్తంభం నుంచి ఒక తీగ కిటికీ గుండా గదిలోకి వచ్చి, గోడ మీది చిన్న డబ్బాలో చేరి, అక్కడి నుంచి బల్ల కింద నేల మీద ఉండే కంప్యూటరు పెట్టె వెనక భాగంలో కలుస్తుంది. ఫోనులో మాట్లాడవచ్చు గదా అని మీరు అడగవచ్చు. దేవరాజ్ కూడా అడిగాడు. విచారణలో ఫొటోలూ సర్వే పటమూ తెరమీద చూపించి గుర్తుపట్టమంటారు. శుక్లాలు తీయించుకున్న కళ్ళతో అరచేతిలో పటం నేను చదవలేను. పైగా మా వీధిలో సెల్‌ఫోను మాట మేడ మీద వినిపిస్తుంది గానీ కింది గదుల్లో తెగిపోతుంది. వీటన్నిటికీ మించి, ఆ ఫోను దేవరాజ్‌ది.

మొదటి విచారణ రోజున గదిని ఇన్‌స్పెక్షన్ నాటి తరగతిలా సర్దుకున్నాను. బల్ల తుడిచాను, కుర్చీకి ఉతికిన గుడ్డ వేశాను, కింది పెట్టెను కర్రతో గోడకు సర్దాను, వెనక గోడ మీది శిలువ తెరలో నిటారుగా కనిపించేలా చూసుకున్నాను. అన్నీ సిద్ధమై కూర్చుంటే, తెర మూలలో ఎర్రటి ఇంటూ గుర్తు కనిపించింది. నెట్‌వర్కు తీగ ఊడి ఉందని కంప్యూటరు ఇంగ్లీషులో చెబుతోంది. వంగలేను గనుక కర్రతో బల్ల కింద తడిమి చూశాను. తీగ పెట్టె వెనకకే వెళ్తోంది. ఉండవలసిన చోటే ఉంది. మరి ఊడింది ఎక్కడ? నా గదిలో కాకపోతే వీధిలో. వీధిలో తీగ దానంతట అది ఊడదు.

ఆ రోజు నా పేరు పిలిచినప్పుడు నేను లేనని రాసుకున్నారు.

నెట్టు ఇచ్చే పృథ్వీరాజ్‌ని పిలిపించాను. అతని ఆఫీసు ప్రేమ్‌సాగర్ హాలు కింద ఉన్న మడిగెల్లో, అంటే అద్దె కొట్లలో, ఒకటి. అద్దెకుండేవాడు యజమాని మాట ఎంతవరకు కాదనగలడు? అతను వచ్చి, చెప్పులు బయట విడిచి, గోడ మీది డబ్బా వైపు చూపించాడు.

"నా దిక్కు కెళ్ళి మంచిగనే వస్తుంది టీచరమ్మా. లైట్లు సూడుండ్రి, ఎట్ల కొట్టుకుంటున్నయో. మీ కంప్యూటరే జర ముసల్దైంది."

"కంప్యూటరు వయసు నేను అడగలేదు. విచారణ నాడే ఎందుకు పోయిందని అడుగుతున్నాను."

"దానికి విచారణ అని ఎర్కయితదా?" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ వర్షిత నవ్వింది. నేను చూశాను. నవ్వు ఆపి లోపలికి వెళ్ళింది.

అతను పెట్టెను ముందుకు లాగి, వెనక చెయ్యి పెట్టి ఏదో నొక్కి, ఆపి, మళ్ళీ వెలిగించాడు. ఎర్ర గుర్తు పోయింది. అతను వచ్చిన కాసేపటికే నెట్టు వచ్చిందంటే, రాకముందు పోయినదీ అతని వల్లనే అని నాకు రుజువైంది. ఆ మాటే అతనితో అన్నాను. ఫికర్ చెయ్యొద్దని, మళ్ళీ పోతే ఫోను చెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు అతని మర్యాద మీద కూడా అనుమానం వేసింది.

మధ్యలో వారాలు గడిచాయి. నెట్టు బాగానే వచ్చింది. రెండవ విచారణ నాడు నేను మళ్ళీ గది సర్దుకొని, మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ ఎర్ర గుర్తు. కమిషన్ ఆఫీసు నుంచి మా ల్యాండ్‌లైన్‌కు ఫోను వచ్చింది. మూడోసారి కూడా హాజరు కాకపోతే ఫిర్యాదు కొట్టేయక తప్పదని ఒక అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఆ సాయంత్రం ఆటోలో పోలీసు ఠాణాకు వెళ్ళి, సాక్షిని అడ్డుకోవడానికి పృథ్వీరాజ్ ఉద్దేశపూర్వకంగా తీగ తెంపుతున్నాడని కాగితం ఇచ్చాను. ఎస్సై కుర్రవాడు. చదివి, "నెట్టు పోయినందుకు కేసా మేడం?" అన్నాడు. కాదు, సాక్ష్యం పోయినందుకు అన్నాను. కాగితం తీసుకున్నాడు.

ఆ రోజు ఠాణా నుంచి తిరిగి వస్తుండగా దేవరాజ్‌ను చూశాను. హాలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ అతని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్నాడు.

అక్కడి నుంచి నా ఆలోచన వీధి వదిలి ఇంట్లోకి వచ్చింది. మే నెల. ముహూర్తాలు వరుసగా ఉన్నాయి. కోహీర్ నుంచి, న్యాల్‌కల్ నుంచి జీపుల్లో పెళ్ళివారు దిగుతున్నారు, మా వీధి దాకా బాజాలు వినిపిస్తున్నాయి. ఏడాదిలో దేవరాజ్ ఇంట్లో అన్నం తినడానికి కూడా తీరిక ఉండని నెల అది. అటువంటి నెలలో అతను బనియనుతో వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎందుకని అడిగితే, ఈసారి జర రెస్టు తీసుకుంటున్నానన్నాడు. పెళ్ళిళ్ళ కాలంలో లైట్ల పనివాడు రెస్టు తీసుకోవడం నేను ఎన్నడూ వినలేదు. మరి ఇంట్లో ఎందుకున్నాడు? నన్ను కనిపెట్టుకొని ఉండడానికి ఎవరైనా ఉంచితే తప్ప?

ఇంకొక రుజువు ఆదివారం దొరికింది. ఎండకు తల తిరిగి, ఆరాధన ముగియకముందే వచ్చేశాను. నా గదిలోంచి సినిమా పాట వినిపిస్తోంది. దేవరాజ్, వర్షిత నా కంప్యూటరు ముందు స్టూలు మీదొకరు, నేల మీదొకరు కూర్చుని వీడియో చూస్తున్నారు. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. పెట్టె గోడకు దూరంగా, గది మధ్యకు వంకరగా జరిగి ఉంది, ఊడ్చిన తరువాత సరిగా పెట్టలేదు. నన్ను చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. నేను కూర్చుంటే రాని నెట్టు వాళ్ళు కూర్చుంటే వస్తోంది. ఏమీ అనకుండా పెట్టెను కర్రతో గోడకు నెట్టి, దాని మీద గుడ్డ కప్పాను.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

"ప్రేమ్‌సాగర్ దగ్గరికి ఎందుకు వెళ్ళావు?"

దేవరాజ్ అన్నం కలపడం ఆపాడు. "పిలిస్తే పోయిన అత్తమ్మా."

"ఏమన్నాడు?"

"ఏం లేదు. మంచి చెడ్డ అడిగిండు."

అది అబద్ధం. అబద్ధం చెప్పే పిల్లలు పూర్తి వాక్యం చెప్పి ఊరుకుంటారు, తరువాత ప్రశ్న రాకూడదని కంచంలోకి చూస్తారు. నెలాఖరు లోపల వేరే ఇల్లు చూసుకోమని చెప్పాను. గొంతు పెంచలేదు. పెంచవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు.

అతను తల ఊపాడు. వర్షిత మాత్రం కంచం పక్కకు జరిపింది. "ఎందుకో చెప్పుండ్రి అత్తమ్మా. ఊకెనే పొమ్మంటే ఎట్ల పోతం?"

"నీ భర్తను అడుగు."

ఆమె అతని వైపు చూసింది. అతను అన్నం కలుపుకుంటున్నాడు.

నేను చదివింది సిస్టర్ల కాన్వెంటులో. తప్పు చేసిన పిల్లను అందరి ముందు నిలబెట్టి, ఏం చెప్పుకుంటావో చెప్పుకోమని అడిగేవారు. చెప్పుకోవడానికి ఏమీ లేనివాళ్ళే మౌనంగా ఉంటారని నేను అక్కడ నేర్చుకున్నాను. దేవరాజ్ మౌనంగా ఉన్నాడు. తీర్పు అయిపోయింది.

వాళ్ళకు చిరాగ్‌పల్లిలో రెండు గదుల ఇల్లు దొరికింది. సామాను కట్టడం మొదలుపెట్టారు. కట్టిన మూటలు వరండాలో చేరుతుంటే, మూడవ విచారణ రోజు వచ్చింది.

ఆ ఉదయం పొద్దున్నే లేచి గది సర్దుకున్నాను. ఈసారి తెల్లవారుజామునే నెట్టు చూశాను, ఉంది. బల్ల తుడిచాను, గుడ్డ మడిచాను, పెట్టెను గోడకు వరుసగా పెట్టాను. జుట్టు దువ్వుకొని వచ్చి కూర్చుంటే ఎర్ర గుర్తు.

పృథ్వీరాజ్‌కు ఫోను చేశాను. నేను అడగడం పూర్తిచేసేదాకా విన్నాడు.

"టీచరమ్మా, నా మీద ఠాణల కాయితమిచ్చిన్రు. ఇప్పుడు నేనొచ్చి ముట్టుకుంటే, నేనే ఖరాబ్ చేసిన అంటరు. ముట్టుకోకుంటే, కావాలని బాగుచెయ్యలే అంటరు. అందుకే నేను రాను. ఏమనుకోకుండ్రి."

అతని వాదనలో లోపం కనిపించలేదు. ఫోను పెట్టేశాను.

అప్పుడే వర్షిత గదిలోకి వచ్చింది. బల్ల కింద, పెట్టె పక్కన దేవరాజ్ బల్బుల తోరణాలున్న అట్టడబ్బా ఒకటి ఎన్నాళ్ళుగానో ఉంది. దానికోసం వచ్చింది. నన్ను అడగలేదు, నా వైపు చూడలేదు. వంగి కంప్యూటరు పెట్టెను ముందుకు లాగింది. నేను తెరనే చూస్తున్నాను. ఎర్ర గుర్తు పోయింది.

"ఏం చేశావు?"

"ఏం చెయ్యలే. మా డబ్బ తీస్కుంటున్న."

"పెట్టెను మళ్ళీ గోడకు నెట్టు."

నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసి, నెట్టింది. ఎర్ర గుర్తు వచ్చింది. లాగమన్నాను. పోయింది. మళ్ళీ నెట్టించాను, మళ్ళీ లాగించాను. బడిలో సైన్సు ప్రయోగం ఒక్కసారి చూసి నమ్మవద్దని చెప్పేదాన్ని.

వర్షిత దేవరాజ్‌ను పిలిచింది. అతను బల్ల కింద వెల్లకిలా పడుకొని, టార్చి వేసి చూసి చెప్పాడు. తీగ కొసన ప్లాస్టిక్ ముల్లు ఒకటి ఉంటుందట, రంధ్రంలో పెట్టినప్పుడు టక్కుమని పట్టుకునేది. అది ఎప్పుడో విరిగింది. పట్టు లేక తీగ ఊరికే ఆనుకొని ఉంది. "గోడకు నూకినప్పుడల్ల తీగ మడతపడి జర బయటికొస్తుంది అత్తమ్మా. ముందలికి గుంజితే మళ్ల తగుల్తుంది. పై కెళ్ళి సూస్తే పెట్టినట్టే కనిపిస్తది."

పెట్టెను గోడకు నెట్టేది ఎవరని ఎవరూ అడగలేదు. వర్షిత నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

అతను టేపు చుట్టాడు. కాసేపు నిలిచింది, జారింది. అగ్గిపుల్ల దూర్చాడు. అదీ నిలవలేదు. ఇన్నిసార్లు వంగీ వంగీ రంధ్రం కూడా అరిగిపోయిందన్నాడు. చివరికి వేలితో ఒక పక్కకు ఎత్తి పట్టుకున్నాడు. పెట్టె వెనక చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది.

"గిట్ల పట్టుకుంటేనే ఉంటది."

"ఎంతసేపు పట్టుకోగలవు?"

"మీరు మాట్లాడేంతసేపు," అన్నాడు బల్ల కిందనుంచి.

అప్పటికి కూడా నాకు అనుమానం పోలేదు. ముల్లు విరగ్గొట్టింది ఎవరు? హాలు గేటు దగ్గర ఏం మాట్లాడుకున్నారు? కానీ వేరే దారి లేదు. నేను సిద్ధంగా ఉన్నానని మీట నొక్కాను.

తెర గడులు గడులుగా విడిపోయింది. ఒక గడిలో విచారణ జరిపే సభ్యురాలు, నెరిసిన జుట్టు, కళ్ళజోడు. ఇంకొక దానిలో నల్లకోటు వేసుకున్న లాయరు, ఆయన పక్కన తెల్లచొక్కాలో ప్రేమ్‌సాగర్. నన్ను చూసి చేతులెత్తి వందనం చేశాడు. నేను చేయలేదు. దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేశాను.

పాత ఫొటో చూపించారు. అమ్మను పాతిపెట్టిన నాటిది. ఎక్కడ ఏ కుటుంబం వరుస ఉండేదో, తోటకు హద్దుగా ఎర్రటి మొరం రాళ్ళు ఎక్కడిదాకా పాతి ఉండేవో, హద్దు నుంచి లోపలికి మా వరుస ఎన్నవదో చెప్పాను. కొత్త ఫొటో పెట్టారు. కంకర, కార్లు, గోడ. గోడ మూలన ఇటుకల మీద పడి ఉన్న రాయి ఏమిటని అడిగారు. మా అమ్మ శిలువ అన్నాను. ఎలా చెప్పగలరన్నారు. కుడిచేయి అంచు కొంచెం విరిగి ఉంటుంది, నిలబెట్టే రోజు బండి మీదినుంచి జారి విరిగింది, నేను అక్కడే ఉన్నాను అన్నాను. సభ్యురాలు ఫొటోను పెద్దది చేయించింది. అంచు విరిగి ఉంది.

లాయరు గొంతు సవరించుకున్నాడు. "మేడం, మీ గదిలో మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు."

సాక్షి గదిలో ఎవరూ ఉండకూడదన్నది నియమమని, గది మొత్తం చూపించాలని ఆయన కోరాడు. సభ్యురాలు అవునంది. వర్షిత తెర పైనున్న కెమెరాను ఊడదీసి, గోడలు, గుమ్మం, మంచం చూపిస్తూ చివరికి బల్ల కిందకు తిప్పింది. నేల మీద పక్కకు ఒరిగి పడుకొని, ఒక చేయి పెట్టె వెనక పెట్టి ఉన్న మనిషి తెరలో కనిపించాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. ప్రేమ్‌సాగర్ లాయరు చెవిలో ఏదో చెప్పాడు.

"ఈయన దేవరాజ్ అండీ," అన్నాడు లాయరు హుషారుగా. "సాక్షికి మేనల్లుడు. నా క్లయింటు హాలులో లైట్ల పని చేసేవాడు. మార్చి నుంచి పని మానిపించారు. ఆ కక్షతో బల్ల కింద కూర్చుని ఈమెకు జవాబులు అందిస్తున్నాడు."

"పని ఎందుకు మానిపించారు?" అని సభ్యురాలు అడిగింది.

"అత్తకు చెప్పి ఫిర్యాదు వాపసు తీయించమని నా క్లయింటు ఈయనకు పెద్దమనిషిగా సలహా ఇచ్చారు. మొన్న మళ్ళీ పిలిచి, పని తిరిగి ఇస్తానని కూడా చెప్పారు. ఈయన రెండుసార్లూ దురుసుగా..." లాయరు అక్కడ ఆగాడు. సభ్యురాలు తల వంచి ఏదో రాసుకుంటోంది. ప్రేమ్‌సాగర్ కళ్ళు మూసుకొని తెరిచాడు.

మార్చి. నేను ఫిర్యాదు పంపిన తరువాతి నెల. నేను తెరనే చూస్తూ కూర్చున్నాను. బల్ల కింద కదలిక లేదు.

మిగిలిన ఇద్దరినీ బయటికి పంపమని సభ్యురాలు చెప్పింది. వర్షిత వెళ్ళగలదు, అతను వెళితే నేనూ వెళ్ళిపోతానని నేను వివరించాను. తీగ సంగతి, ముల్లు సంగతి చెప్పాను. అలాగైతే ఈ సాక్ష్యమే చెల్లదని లాయరు అన్నాడు. సభ్యురాలు కళ్ళజోడు తీసి కాసేపు ఆలోచించింది.

"శోభారాణిగారూ, మీరు ప్రమాణం మీద ఉన్నారు. అతను మీకు ఏమీ అందించడం లేదని మేము ఎలా నమ్మాలి? మీరు అతన్ని నమ్ముతున్నారా?"

అబద్ధం చెప్పడం సులభం. కానీ ప్రమాణం చేశాను.

"ఇంతసేపూ నమ్మలేదండీ," అన్నాను. "నన్ను సాక్ష్యం చెప్పనివ్వకుండా చేస్తున్నది ఇతనేనని వారాలుగా అనుమానించాను. ఇల్లు ఖాళీ చేయమన్నాను. వరండాలో మూటలు ఉన్నాయి, కావాలంటే చూపిస్తాం."

లాయరు నోరు తెరిచాడు. సభ్యురాలు చేయెత్తి ఆపింది. "మరి ఇప్పుడు?"

"నేను మాట్లాడకుండా ఉండాలని కోరుకునే మనిషి ఈ నిమిషంలో చేయవలసిన పని ఒకటే. వేలు తీయడం. నేనిప్పుడు చెప్పిన మాటలన్నీ అతను విన్నాడు. ఇంకా తీయలేదు."

తెర మూలలో ఎర్ర గుర్తు రాలేదు.

అతని ముఖం కనిపించేలా కెమెరాను బల్ల కిందే ఉంచి, నా గొంతు మాత్రం వినిపించేలా విచారణ కొనసాగించమని సభ్యురాలు చెప్పింది. తెరలో నా బదులు దేవరాజ్ కనిపించాడు, పళ్ళు బిగించి, కళ్ళు ఎటో పెట్టి. లాయరు అడగవలసినవన్నీ అడిగాడు. నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. సర్వేవారు రెండు పక్షాల ఎదుట హద్దు కొలవాలని, అంతవరకు అక్కడ ఒక్క బండీ నిలపకూడదని ఆదేశించి ముగించారు.

తెర నల్లబడింది.

"అయిపోయిందా అత్తమ్మా?"

"అయిపోయింది."

బల్ల కిందనుంచి బయటికి వచ్చాడు. వేళ్ళు వంగినవి వంగినట్టే ఉన్నాయి, తెరుచుకోవడం లేదు. వర్షిత నేల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే పట్టి సాగదీస్తోంది.

"నాకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్తే ఆయన మీద ఇంకో కేసు పెడుతుంటిరి," అంది వర్షిత తలెత్తకుండా.

దేవరాజ్ కొంచెం నవ్వాడు. "అట్ల కాదు. నా పని పోయిందని ఎర్కయితే, మీరు నా కొరకు వాపసు తీస్కుంటరేమో అనుకున్న. నాయనమ్మ గదా అక్కడున్నది."

నేను వాపసు తీసుకునేదాన్ని కాదని నాకు తెలుసు. ఆ మాట అతనికి చెప్పలేదు.

మూటలు విప్పమన్నాను. నా గొంతులో అది ఆజ్ఞలాగే వినిపించి ఉంటుంది. వేరేలా చెప్పడం నాకు రాదు. దేవరాజ్ భార్య వైపు చూశాడు. వర్షిత అతని చేయి వదలలేదు.

"పొమ్మన్ననాడు ఎందుకో చెప్పలే అత్తమ్మా. మేము గూడ ఎందుకు పోతున్నమో చెప్పం. ఆడ ఇంటాయనకు మాటిచ్చినం."

మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చింది. సామాను ఎక్కించడం అయ్యాక ఇద్దరూ లోపలికి వచ్చి వందనం చెప్పి వెళ్ళారు. మర్యాదలో ఏ లోపమూ లేదు.

తొలకరి పడ్డాక సర్వేవారు వచ్చి గొలుసు వేసి కొలిచారు. గోడ మా వైపు ఎంత మేరకు చొచ్చుకొని వచ్చిందో అందరి ముందు తేలింది. ప్రేమ్‌సాగర్ కూలీలే దాన్ని కొట్టేశారు. కంకర తీసేసి, అమ్మ శిలువను నిలబెట్టారు. ఆ ఆదివారం కానుకల పళ్ళెం వేరొకరు పట్టుకున్నారు. పాస్టరుగారు సమాధానపడడం గురించి ప్రసంగించారు.

నేను ఠాణాకు వెళ్ళి పృథ్వీరాజ్ మీద ఇచ్చిన ఫిర్యాదును వెనక్కి తీసుకున్నాను. పొరపాటు నాదని కారణం రాసి సంతకం పెట్టాను. మరునాడు అతను తనంతట తానే వచ్చి తీగకు కొత్త కొస బిగించాడు, అరిగిన రంధ్రానికి బదులు వేరే ముక్క వేశాడు. పెట్టె ఇప్పుడు గోడకు జానెడు దూరంలో ఉంటుంది. గుడ్డ వంకరగా వేలాడుతుంది. భరిస్తున్నాను.

చిరాగ్‌పల్లి దగ్గర కొత్త హాలు ఒకటి తెరిచారని, దేవరాజ్‌కు అక్కడ పని దొరికిందని సంఘంలో ఎవరో చెప్పగా విన్నాను. నాకు చెప్పవలసిన అవసరం వాళ్ళకు కనిపించలేదు. నాకు వాళ్ళను అడిగే హక్కు ఉందో లేదో చాలా రోజులు ఆలోచించాను. తేల్చుకోలేక, ఒక ఆదివారం ఆరాధన తరువాత ఆటో ఎక్కాను.

హైవే మీద లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. వాళ్ళ ఇల్లు ఒక మెకానిక్ షెడ్డు వెనక. మోకాలు ఇంకా పూర్తిగా వంగదు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కాను. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ నవ్వుకుంటున్నారు. తలుపు తట్టాను. మాటలు ఆగిపోయాయి.

"ఎవలు?" అంది వర్షిత.

నా పేరు చెప్పాను. కిటికీ రెక్క కొంచెం తెరుచుకొని, మళ్ళీ మూసుకుంది. ఎందుకొచ్చారని అడిగింది, తలుపు వెనకనుంచే.

ఆనాడు పొమ్మన్నదానికి కారణం, ఇప్పుడు రావడానికి కారణం, రెండూ చెప్పాను. గుమ్మం బయట నిలబడి, మొదటినుంచీ చివరిదాకా, ఏదీ దాచకుండా చెప్పాను. పక్కనున్న మెకానిక్ పని ఆపి విన్నాడు. విననిచ్చాను.

చెప్పడం అయ్యాక, కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. గొళ్ళెం తీసే చప్పుడు ఇంకా వినిపించలేదు. తొందరపెట్టలేదు.